నర్సరీ కవరులో పూల పొదలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి, ఎందుకు

నర్సరీలోకి అడుగుపెట్టగానే నిండా పూసిన మొక్క మీదికే చెయ్యి పోతుంది. చాలాసార్లు కొనకూడనిది అదే. చారెడు మట్టిలో అంత పూత పూసిన మొక్క తన దగ్గరున్న బలమంతా ఖర్చు పెట్టేసి ఉంటుంది. ఇంటికి తెచ్చి కుండీ మార్చగానే పూలు రాలతాయి, వెనకే మొగ్గలూ రాలతాయి. ఆ తర్వాత రెండు నెలలు ఆకు తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు మళ్ళీ అదే నర్సరీకి వెళ్ళి "పూత మందు" సీసా ఒకటి కొనుక్కొస్తారు. లోపం పూతలో లేదు, వేరులో ఉంది. ఆ సీసా వేరుని బాగు చేయదు.

ఇక్కడ మొక్కల్నీ, వాటితో పాటు అమ్మే సంచుల్నీ సీసాల్నీ సరుకుగానే తూచాం. ఏది తక్కువ చాకిరీకి ఎక్కువ పూస్తుంది, ఏది ఎక్కడ మొండికేస్తుంది అన్నదే కొలత. మార్కులు మా సొంతం. ఇంటి ఎండ, నీళ్ళు, మట్టి వేరైతే అవి అటూ ఇటూ కావచ్చు.

కవరు చేతిలోకి తీసుకుని చూసేవి

మొక్కని కాండం పట్టుకుని కాకుండా కవరు అడుగున చెయ్యి పెట్టి లేపండి. తేలిగ్గా లేస్తే సరే. నేలకి అంటుకుపోయి లాగితే తప్ప రాలేదంటే, కవరు చిల్లుల్లోంచి వేరు కింది నేలలోకి దిగిందన్నమాట. లాగినప్పుడు తెగేది సరిగ్గా ఆ పెద్ద వేరే. అలాంటి మొక్క మొదటి వారం పచ్చగానే ఉండి, రెండో వారంలో కొమ్మ చివర్ల నుంచి వాడడం మొదలుపెడుతుంది. కొన్నవారు నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, దాంతో మిగిలిన వేరు కూడా కుళ్ళుతుంది.

అమ్మేవారిని అడిగి కవరు అంచు కొంచెం జరిపి చూడండి. వేరు కొసలు తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమ రంగులో మెత్తగా ఉండి మురుగు వాసన వస్తే అక్కడే పెట్టేయండి. వేళ్ళు కవరు గోడ వెంట చాపలా అల్లుకుని గుండ్రంగా తిరిగి ఉంటే మొక్క అందులో చాలాకాలంగా ఉందని లెక్క. ఒకటి రెండు చుట్లయితే నాటేటప్పుడు సరిచేయొచ్చు. కాండం మొదట్లోనే మందపాటి వేరు ఉచ్చులా చుట్టుకుని ఉంటే మాత్రం సరికాదు, కాండం లావెక్కే కొద్దీ ఆ వేరే దాని గొంతు నొక్కుతుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం ఇంకోటుంది: కవరు జరపగానే మట్టంతా పొడిపొడిగా రాలిపోవడం. అది నిన్నో మొన్నో పెద్ద కవరులోకి మార్చిన చిన్న మొక్క. పెద్ద మొక్కగా అమ్ముతున్నారంతే.

మట్టి పైన పచ్చని పాకుడు కట్టి ఉంటే నీళ్ళు ఇంకడం లేదు. కాండం మీద చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే పైన రసం పీల్చే పురుగు ఉంది. ఆకు అడుగుభాగం, కణుపుల సందులు వెతకండి, తెల్లని దూది ముద్దల్లా పిండినల్లి దొరుకుతుంది. ఒక్క మొక్కతో వచ్చిన పిండినల్లి పెరడంతా పాకడానికి ఎక్కువ కాలం పట్టదు. కొత్త మొక్కని రెండు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచమనేది ఇందుకే.

ఇక ఆకారం. అడుగున్నర ఎత్తులో కింది నుంచే మూడు నాలుగు కొమ్మలు చీలిన మొక్క, మూడడుగులు ఒంటి పుల్లగా సాగిన మొక్క కంటే మేలు. రంగు తెలియడానికి ఒక పువ్వు విచ్చుకుని ఉంటే చాలు. చీటీ మీది బొమ్మని నమ్మి రంగు ఎంచుకుంటే పూసిన రోజున ఆశ్చర్యపోవలసి వస్తుంది.

మందారం

పెరటికి ఒకే ఒక్క పొద అంటే మా ఓటు ఒంటిరెక్క ఎర్ర మందారానికి. 10కి 9. ఒక్క మార్కు పిండినల్లి ఎత్తుకుపోయింది.

మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది. పువ్వు ఆయుష్షు సాధారణంగా ఒక్క రోజు. కాబట్టి రోజూ పూలు కావాలంటే పువ్వు ఎక్కువ రోజులు నిలిచేలా చేయడం కాదు, చిగుళ్ళ సంఖ్య పెంచడం ఒక్కటే దారి. దానికి కత్తెర కావాలి. పెరుగుదల ఊపందుకునే కాలం మొదట్లో కొమ్మ పొడవులో మూడో వంతు, బయటికి చూసే కణుపుకి కొంచెం పైన కోయాలి. అన్ని కొమ్మల్నీ ఒకేసారి కోస్తే రెండు మూడు నెలలు పువ్వే ఉండదు. సగం కొమ్మలు ఇప్పుడు, మిగతా సగం నెల తర్వాత కోస్తే ఆ ఖాళీ కనిపించదు. కోసిన చోట రెండు మూడు చిగుళ్ళొస్తాయి. అవి జానెడు పెరిగాక కొసలు గిల్లితే ఇంకా చీలుతాయి.

ఎండ రోజుకి 6 గంటలు తగలాలి. 4 గంటలకి తగ్గితే ఆకులు పెద్దవవుతాయి, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, మొగ్గ తగ్గుతుంది.

మొగ్గలు రాలడం మందారంతో వచ్చే పెద్ద తలనొప్పి. దీనికి మందు కొనే ముందు రాలిన మొగ్గలు నాలుగైదు ఏరి గోటితో చీల్చి చూడండి. లోపల సన్నని తెల్లని లేక పసుపు పురుగులు కదులుతుంటే అది మొగ్గ ఈగ పని. ఆ పురుగు మొగ్గతో పాటు రాలి, మట్టిలోకి దిగి, అక్కడ కోశస్థ దశ గడిపి, ఈగై మళ్ళీ కొత్త మొగ్గల్లో గుడ్లు పెడుతుంది. ఆకుల మీద ఏ మందు కొట్టినా మొగ్గ లోపలున్న పురుగుకి తగలదు. రాలినవీ, పసుపు తిరిగి రాలబోతున్నవీ రోజూ ఏరి, కవరులో మూతి కట్టి పారేయాలి. కంపోస్టు గుంతలో వేస్తే ఈగల్ని పెంచినట్టే. నెలరోజులు విడవకుండా చేస్తే ఆ చక్రం తెగుతుంది. మొగ్గలో పురుగు లేకుండా, రేకుల అంచులు గోధుమ రంగులో గీతలు పడి ఉంటే తామర పురుగులు. ఏ మచ్చా లేకుండా శుభ్రంగా రాలుతుంటే నీళ్ళ తేడా: కుండీ మధ్యాహ్నానికి పూర్తిగా ఎండి, సాయంత్రం ఒక్కసారిగా తడుస్తోంది. ముద్ద మందారాల్లో ఈ మూడు బాధలూ ఒంటిరెక్క వాటికంటే ఎక్కువ. మొగ్గ మందంగా ఉంటుంది, విచ్చుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, పురుగుకి అంత గడువు దొరుకుతుంది.

అరచేయంత పూలు పూసే రంగురంగుల హైబ్రిడ్ మందారాలు నర్సరీలో కళ్ళు తిప్పుకోనివ్వవు. వాటిలో చాలావాటికి సొంత వేరు బలహీనం, అందుకే మొండి మందారం మీద అంటు కడతారు. అంటుకి కింద నుంచి వచ్చే చిగురు ఆ మొండి రకానిది. గమనించక వదిలేస్తే ఏడాదిలో కొన్న రంగు మాయమై మామూలు మందారం మిగులుతుంది. ఓపికున్నవారికి 10కి 6, లేనివారికి 3.

ఎరువు విషయంలో మందారానికి భాస్వరం తక్కువ, పొటాష్ ఎక్కువ ఉండాలి. నీటిలో కరిగే 19-19-19, 13-0-45 ఎరువులను (అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరుకి 1 నుంచి 2 గ్రాముల చొప్పున, పదిహేను రోజులకొకటి మార్చి మార్చి పోస్తే సరిపోతుంది. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయాలి, ఎండిన మట్టిలో పోస్తే వేరు కొసలు మాడతాయి.

నూరు వరహాలు

చక్కగా కుదిరితే ఏడాదిలో ఎక్కువ భాగం గుత్తులు గుత్తులుగా పూస్తుంది. కుదరకపోతే లేత ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, రోగిష్టిలా నిలబడి ఉంటుంది. చాలాసార్లు ఆ పసుపుకి కారణం ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నది కరగక. ఈ పొదకి పులుపు నేల కావాలి, ఉదజని సూచిక (పీహెచ్) 5 నుంచి 6 మధ్య. అందరూ దీన్ని నాటేది మాత్రం ప్రహరీ గోడ పక్కన, సిమెంటు బాట అంచున! సిమెంటులోంచి దిగే సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది, అక్కడ ఇనుము వేరుకి చిక్కని రూపంలోకి పోతుంది. బోరునీళ్ళు ఉప్పుగా, సున్నంగా ఉంటే కుండీలోనూ ఇదే కథ నడుస్తుంది.

ఇక్కడే సరుకు ఎంపిక తెలియాలి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చల్లితే క్షార నేలలో కొద్ది రోజుల్లోనే అది కూడా బిగిసిపోతుంది. దుకాణంలో "చెలేటెడ్ ఐరన్" (మట్టిలో బిగిసిపోకుండా ఇంకో పదార్థం పట్టి ఉంచిన ఇనుము) అని అమ్మేవన్నీ ఒకటి కావు. ఈడీటీఏ రకం ఉదజని సూచిక 6.5 దాటాక మట్టిలో పట్టు వదిలేస్తుంది, ఆకుల మీద పిచికారీకి మాత్రం పనికొస్తుంది. డీటీపీఏ రకం 7.5 దాకా లాగుతుంది. సున్నపు నేలలో నిలిచేది ఈడీడీహెచ్ఏ రకం, నీళ్ళలో కలిపితే ముదురు ఎరుపు రంగొస్తుంది. 12 అంగుళాల కుండీకి 1 నుంచి 2 గ్రాములు నీళ్ళలో కరిగించి, సాయంత్రం మట్టిలో పోయాలి. వెలుతురు తగిలితే విరిగిపోతుంది కాబట్టి ఆకుల మీద వద్దు. కొత్తగా వచ్చే ఆకులు రెండు మూడు వారాల్లో పచ్చగా వస్తాయి. పాత పసుపు ఆకులు పూర్తిగా మారకపోతే కంగారు పడనక్కరలేదు. గంధకం పొడి కూడా మట్టిని పులుపు చేస్తుంది, కానీ అది మట్టిలోని సూక్ష్మజీవుల చేతుల మీదుగా జరిగే పని, నెలలు పడుతుంది.

ముదురు ఆకులు ఈనెల మధ్య పసుపైతే అది ఇనుము కాదు, మెగ్నీషియం. ఎప్సమ్ సాల్ట్ పనికొచ్చేది అక్కడే. లేత ఆకు పసుపా, ముదురు ఆకు పసుపా అన్న ఒక్క ప్రశ్న అడిగితే సగం అనవసరపు కొనుగోళ్ళు ఆగుతాయి.

పూత కొమ్మ కొసన వస్తుంది. కంచెలా గీత గీసినట్టు తరచూ కత్తిరిస్తే కోసేది రాబోయే గుత్తులనే. పూత అయ్యాక వాడిన గుత్తి, దాని కింద ఒక జత ఆకులు తీస్తే చాలు. పులుపు మట్టి ఉంటే 10కి 8. గోడ వారకి అయితే కొనకండి.

కాగితపు పూలు

నీళ్ళు పోయడం మరిచిపోయేవారి కోసమే పుట్టిన పొద. రంగు రంగుగా కనిపించేవి పూలు కావు, పూపత్రాలు, అంటే రంగు తిరిగిన ఆకులు. మూడు రేకుల మధ్య సన్నని తెల్లని గొట్టాల్లా ఉండేవి అసలు పూలు. దీనికి బూగన్‌విలియా అన్న శాస్త్రీయ నామం పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి నావికుడు లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్ పేరు మీద వచ్చింది.

ఆకు దట్టంగా వచ్చి రంగు రావడం లేదంటే మూడు కారణాలే: ఎండ చాలకపోవడం, నీళ్ళు ఎక్కువవడం, నత్రజని ఎక్కువవడం. పైమట్టి రెండంగుళాల లోతు వరకు ఎండనిచ్చి, ఆకు కొంచెం సొమ్మసిల్లాక నీళ్ళివ్వాలి. పెద్ద కుండీలో పెడితే వేళ్ళు పరుచుకునేదాకా పూత వాయిదా వేస్తుంది, కాబట్టి కొంచెం ఇరుకు కుండీయే మేలు. నాటేటప్పుడు మాత్రం దీనంత సున్నితమైనది లేదు. వేరుబుడ్డ వదులుగా ఉంటుంది, విదిలిస్తే పీచువేళ్ళు తెగిపోయి మొక్క నెలల తరబడి కదలదు. కవరు లాగి తీయకూడదు, అడుగు కోసి గుంతలో పెట్టి, తర్వాత పక్కలు చీల్చి బయటికి తీయాలి. ముళ్ళు గట్టివి. నడిచే దారి పక్కన పెడితే రోజూ గీరుకుంటారు. బాగా ఎండ పడే డాబాకి 10కి 9, నీడ వాకిలికి 2.

మిగతావి, కొంచెం వేగంగా

నందివర్ధనం సగం నీడలో కూడా పూసే కొద్ది పొదల్లో ఒకటి. 3, 4 గంటల ఎండ చాలు, మట్టి విషయంలో పేచీ లేదు. బొటనవేలంత లావు ఆకుపచ్చ గొంగళి ఒకటి వచ్చి రాత్రికి రాత్రే కొమ్మని బోడి చేస్తుంది. మందు అక్కరలేదు, ఆకుల కింద నల్లని గుళికల్లాంటి రెట్ట ఎక్కడ పడిందో చూసి, దానికి నేరుగా పైన వెతికితే దొరుకుతుంది. ఆకుల మీద నల్లని మసి పడితే మసిని తుడిచి ప్రయోజనం లేదు. పైకొమ్మల్లో తెల్లదోమో పొలుసు పురుగో తేనెలాంటి జిగురు వదులుతోంది, దాన్ని అదుపు చేస్తే మసి దానంతటదే పోతుంది. 10కి 8.

గన్నేరుకి ఎండ, ఉప్పునేల, నీటి ఎద్దడి ఏదీ లెక్కలేదు. కానీ వేరు నుంచి పువ్వు దాకా అన్ని భాగాలూ విషమే, గుండె మీద పనిచేసే విషం. ఎండిన కొమ్మల్లోనూ ఆ విషం పోదు, కాల్చితే పొగ కూడా ప్రమాదమే. పచ్చగన్నేరుదీ ఇదే సంగతి, దాని గింజలు మరీ. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు, మేసే పశువులు ఉన్న ఇంటికి ఏ మార్కూ ఇవ్వం. మిగతావారు కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకుని, కొమ్మల్ని మేత దగ్గర పడేయకుండా చూసుకోవాలి.

మల్లె కొనేటప్పుడు ఒంటి వరస రేకులదా, గుండుమల్లెలా ముద్దగా పూసేదా అన్నది ముందే తేల్చుకోండి, ఆకులు చూసి చెప్పడం కష్టం. దీని పూత కూడా కొత్త చిగురు కొసనే. పూతకాలానికి ముందు నీళ్ళు తగ్గించి, నేల నుంచి అడుగున్నర ఎత్తులో కత్తిరించి, మిగిలిన ముదురాకు దూసి, చివికిన ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెడితే పొద అంతా ఒక్కసారి చిగురిస్తుంది. కత్తెర తగలని మల్లె తీగలా సాగుతుంది తప్ప పూయదు. మొగ్గలు గూడు కట్టినట్టు అల్లుకుని, చిన్న చిల్లితో ఊదారంగు తిరిగితే మొగ్గ తొలిచే పురుగు, ఆ గుత్తిని గుత్తిగా తుంచేయాలి. ఎండ తగ్గిన చోట మల్లె దండగ.

గులాబీ గురించి ఒకే మాట: అది మొక్క కాదు, ఉద్యోగం. ఆకు మీద 7 గంటలు ఆగకుండా తడి నిలిస్తే నల్లమచ్చ తెగులు బీజాలు మొలకెత్తుతాయి. కాబట్టి ఉదయపు ఎండ పడే చోట పెట్టి, నీళ్ళు మొక్క మొదట్లోనే పోయాలి, సాయంత్రం ఆకులు తడపకూడదు. అంటు ముడి కింద నుంచి వచ్చే చిగురుని కత్తిరిస్తే మళ్ళీ నాలుగొస్తాయి, మొదలంటా చేత్తో పట్టి చీల్చేయాలి. వాడిన పువ్వుని తొడిమ దగ్గర కాకుండా, కింద అయిదు రెక్కలున్న మొదటి ఆకు దాకా కోస్తే తర్వాతి చిగురు బలంగా వస్తుంది. సన్నకాడ మీద పెద్దపూలు పూసే రకాల కంటే, గుత్తులుగా చిన్న పూలు పూసే పొదగులాబీలు కొత్తవారికి నయం.

కనకాంబరం పలచని నీడలో బాగుంటుంది. మొక్క అకస్మాత్తుగా గిడసబారి వాడితే పీకి వేరు చూడండి. చిన్నచిన్న బొడిపెలు ఉంటే నులిపురుగులు. ఆ మట్టిలో మళ్ళీ కనకాంబరం పెట్టకూడదు. ఎండిన కాయలు తడి తగలగానే చిటపటమని పేలి గింజల్ని విసురుతాయి, కొత్త మొక్కలకి ఖర్చే ఉండదు.

గంధరాజం వాసనకి లొంగనివారు తక్కువ, కొన్నాక తిట్టుకోనివారూ తక్కువే. నూరు వరహాలకి చెప్పిన పులుపు మట్టి పేచీ అంతా దీనికీ ఉంది, పైగా కుండీ ఒక్కసారి ఎండినా మొగ్గలన్నీ రాల్చేస్తుంది. హైడ్రాంజియా చల్లని చోట్లకే. పులుపు నేలలో అల్యూమినియం అంది నీలంగా, క్షార నేలలో గులాబీ రంగుగా పూస్తుంది. నీలం చూసి కొన్న మొక్క ఇంట్లో గులాబీ రంగు పూస్తే నర్సరీవారి తప్పు కాదు. పెద్దాకుల రకం నిరుటి కొమ్మ మీద పూస్తుంది కాబట్టి, పూతకాలానికి ముందు కత్తిరిస్తే ఆ ఏటికి పూలు లేనట్టే.

పక్కనే అమ్మే సంచులు, సీసాలు

రెడీమేడ్ కుండీ మట్టి సంచి కొనే ముందు ఎత్తి చూడండి. మరీ తేలిగ్గా ఉంటే అది దాదాపు కొబ్బరి పొట్టే. పొద మొక్కకి అదొక్కటే చాలదు, గాలికి కుండీ ఒరుగుతుంది, పోషకాలు నిలవవు, ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్ళు పైనుంచి జారిపోతాయి. 4 పాళ్ళు ఎర్రమట్టి, 3 పాళ్ళు చివికిన ఎరువు లేక వర్మీకంపోస్టు, 2 పాళ్ళు కొబ్బరి పొట్టు, 1 పాలు ముతక ఇసుక కలిపితే ఏ సంచికీ తీసిపోదు. బంకమట్టి అయితే ఇసుక పాలు రెట్టింపు చేయాలి. వేపపిండి 12 అంగుళాల కుండీకి గుప్పెడు చాలు.

కొబ్బరి పొట్టు ఇటుక మీద "లో ఈసీ" (ఉప్పు తక్కువ) అని ఉన్నదే తీసుకోవాలి. కడగని పొట్టులో ఉప్పు ఎక్కువగా ఉండి ఆకు అంచులు మాడుస్తుంది. అనుమానముంటే నానబెట్టి, నీళ్ళు పిండి పారబోసి, ఇంకో రెండుసార్లు అలాగే చేయండి. వర్మీకంపోస్టు నల్లగా, టీపొడిలా పొడిపొడిగా, మట్టివాసనతో ఉండాలి. పేడ వాసన వస్తే ఇంకా తయారు కాలేదు.

"పూత మందు"ల్లో ఎక్కువ భాగం భాస్వరం ఎక్కువున్న ఎరువులే. భాస్వరం లోపం ఉన్న మట్టిలో తప్ప వాటితో పూత పెరగదు. అది పేరుకుపోతే ఇనుము, జింకు అందకుండా అడ్డుపడుతుంది. ఎముకల పొడి కూడా పులుపు నేలలోనే కరుగుతుంది, క్షార నేలలో వేస్తే రాయి వేసినట్టే. గుళికల రూపంలో నెమ్మదిగా కరిగే ఎరువు కుండీలకి నిజంగా మంచి సరుకు. డబ్బా మీద రాసే "3-4 నెలలు" అన్న లెక్క మట్టి 21 డిగ్రీల వేడి దగ్గరున్నప్పటిది. వేడి ప్రాంతంలో రెండు నెలలకే ఖాళీ కావచ్చు, అప్పుడు మళ్ళీ వేసుకోవాలి.

వేపనూనె మీద 300, 1500, 10000 పీపీఎం అని మూడు రకాల అంకెలుంటాయి, అవి పది లక్షల పాళ్ళలో అసలు మందు ఎన్ని పాళ్ళో చెప్పేవి. అన్నిటికీ ఒకే కొలత వాడితే ఒకటి పనిచేయదు, ఇంకోటి ఆకు మాడుస్తుంది. 1500 రకం లీటరుకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి సబ్బు ద్రావణం 1 మిల్లీలీటరు. ముందు సబ్బుని నూనెలో కలిపి, తర్వాత నీళ్ళు కొంచెం కొంచెంగా పోయాలి. సాయంత్రం, ఆకు అడుగున పడేలా, వారానికొకసారి మూడుసార్లు. కలిపిన ద్రావణం మర్నాటికి దాచుకోవద్దు. పిండినల్లి ముదిరితే నూనె మైనపు పొర దాటి లోపలికి పోదు, ముందు నీళ్ళ ధారతో గట్టిగా కొట్టి కడగాలి. వేరు ద్వారా పాకే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పూలపొదలకి వద్దు, పువ్వుమీద వాలే తేనెటీగకి అది విషం. పైగా వాడిన తర్వాత ఎర్రనల్లి చెలరేగడం తరచూ చూసేదే.

నాటడం

గుంత వేరుబుడ్డ కంటే రెండు మూడు రెట్లు వెడల్పు, లోతు మాత్రం బుడ్డంతే. ఎక్కువ లోతు తవ్వి వదులు మట్టి నింపితే కొన్ని వారాల్లో అది అణిగి మొక్క కిందికి దిగుతుంది, కాండం మొదలు మట్టిలో మునిగి బెరడు కుళ్ళుతుంది. కవరు తీశాక గుండ్రంగా తిరిగిన వేళ్ళని నిలువునా నాలుగు వైపులా అరంగుళం లోతు గీసి విప్పండి (కాగితపు పూలకి ఇది వర్తించదు). బుడ్డ పైభాగం నేలమట్టానికి సమంగా, నీళ్ళు నిలిచే చోటయితే అంగుళం పైకి ఉండాలి. తవ్విన మట్టితోనే పూడ్చి, నిండా నీళ్ళు పోసి గాలి బుడగలు పోనిచ్చి, పైన రెండంగుళాల మందాన ఎండాకులు పరచండి. ఆ ఆకులు కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలాలి.

కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా పోతాయన్నది తప్పుడు నమ్మకం. సన్నని మట్టి నుంచి ముతక రాళ్ళలోకి నీళ్ళు అంత తేలిగ్గా దిగవు, మట్టి పూర్తిగా నానేదాకా పైనే నిలుస్తాయి. ఫలితంగా తడిబురద వేరుకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లి మీద చిన్న జల్లెడ ముక్కో, పెంకో పెట్టి, మిగతాదంతా మట్టే నింపండి. పొద మొక్కకి 12 అంగుళాల కుండీ కనీసం, అందులో 12 నుంచి 15 లీటర్ల మట్టి పడుతుంది. చిన్న కవరు నుంచి ఒక్కసారిగా 20 అంగుళాల తొట్టిలోకి మారిస్తే, వేరు అందని మట్టంతా తడిగా ఉండిపోయి పులుస్తుంది.

నీళ్ళకి గంట కొట్టి వేళ పెట్టుకోవద్దు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించి, పొడిగా ఉంటే అడుగు చిల్లి నుంచి కారేదాకా పోయండి, తడి తగిలితే మానేయండి. మొదటి ఆరు వారాలు వేరుబుడ్డ మీదే నీళ్ళు పడాలి, చుట్టూ మట్టి తడిగా కనిపించినా లోపలి కొబ్బరి పొట్టు బుడ్డ ఎండిపోయి ఉండొచ్చు. ఆ ఆరు వారాలు ఎరువు వద్దు, వచ్చిన మొగ్గల్ని గిల్లేస్తే బలం వేరుకి పోతుంది.

కత్తెర ఒకటే కొంటే, రెండు అలుగులూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారే రకం తీసుకోండి. పీట మీద కత్తి దిగినట్టు నొక్కి కోసే రకం ఎండుకొమ్మలకే, పచ్చికొమ్మని నలిపి బెరడు చీలుస్తుంది, ఆ చీలికలోంచే ఎండుతెగులు కిందికి దిగుతుంది. పొద మారినప్పుడల్లా అలుగుని స్పిరిట్ గుడ్డతో తుడవండి. నందివర్ధనం, గన్నేరు పాలు అంటిన కత్తెర ఆరితే బిగుసుకుపోతుంది, పని అవగానే నూనె చుక్కతో తుడిస్తే వదులుతుంది.